డుబ్రోవ్నిక్ నుంచి కోటోర్ దాకా వాటర్ పోలో టూర్: 95 యూరోలు పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, పెట్టొచ్చు. కానీ కొన్ని విషయాలు తెలుసుకుని బుక్ చేసుకుంటే మా గ్రూపులో కొందరు పడ్డ టెన్షన్ మీకు ఉండదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

వాటర్ పోలో అంటే నీళ్లలో ఈదుతూ బంతిని గోల్‌లోకి విసిరే ఆట. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మగవాళ్ల వాటర్ పోలో సెమీఫైనల్స్‌కి నాలుగు జట్లొచ్చాయి. ఇటలీ, క్రొయేషియా, సెర్బియా, మాంటెనెగ్రో. చివరి మూడూ ఒకప్పుడు యుగోస్లావియా అనే ఒకే దేశం, ఒకే జట్టు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ జట్టు గురించి కనపడిందల్లా చదువుతూ వచ్చాను. అందుకే క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ వెళ్దామని అనుకున్నప్పుడు కోట గోడల మీద నడక, గేమ్ ఆఫ్ థ్రోన్స్ షూటింగ్ జరిగిన మెట్ల దగ్గర ఫొటోలు అన్నీ రెండో రోజుకి తోసేసి, మొదటి రోజే ఈ టూర్ తీసుకున్నాం. నేను, మా ఆవిడ, మా బావమరిది. మాతో ఇంకో ఐదుగురు, మొత్తం ఎనిమిది మంది, ఒకటే వ్యాన్. పొద్దున 8 గంటలకి డుబ్రోవ్నిక్ పాత రేవు దగ్గర మొదలుపెట్టి, సరిహద్దు దాటి మాంటెనెగ్రోలోని హెర్సెగ్ నోవి, కోటోర్ చూపించి, రాత్రి 7 కల్లా మళ్లీ అక్కడే దింపుతామన్నారు. మధ్యాహ్న భోజనం అందులోనే.

మొదటి చోటు పోర్పోరెలా. పాత రేవుకి అడ్డంగా కట్టిన రాతి గట్టు అది, ఎదురుగా లోక్రుమ్ దీవి కనిపిస్తుంది. ఇక్కడి క్లబ్ పేరు యూగ్, అంటే దక్షిణం అని అర్థం, 1923లో పెట్టారు. ఈత కొలను అనేది ఊహల్లో కూడా లేని రోజుల్లో కుర్రాళ్లు ఈ గట్టు పక్కనే సముద్రంలో ఆడేవాళ్లు. అప్పటి బంతి తోలుది, ఆట సాగేకొద్దీ నీళ్లు పీల్చుకుని బరువెక్కిపోయేది, రబ్బరు బంతి చాలా ఏళ్ల తర్వాతే వచ్చింది. ఇప్పటికీ వేసవిలో ఊళ్లోని బీచ్‌ల పేర్లతో జట్లు కట్టి సముద్రంలోనే ఒక లీగ్ ఆడుకుంటారు, దాన్ని వాళ్లు అడవి లీగ్ అంటారు. మన దగ్గర వీధి వీధికీ క్రికెట్ టీమ్ ఉన్నట్టు అనుకోండి. యుగోస్లావియా జట్టు అన్ని పతకాలు ఎలా గెలిచిందో అర్థం కావాలంటే ముందు ఆ గట్టు మీద నిలబడి కింద నీళ్లలోకి చూడాలి. నాకు పుస్తకాల్లో దొరకనిది అక్కడ దొరికింది.

గైడ్ అరవై దాటినాయన, వ్యాన్ నడిపేదీ ఆయనే. చిన్నప్పుడు ఊళ్లో జూనియర్స్‌కి ఆడారట, జాతీయ జట్టు దాకా వెళ్లలేదు. ఆయన సంచిలోంచి ఒక పాత టోపీ తీశారు. వాటర్ పోలో టోపీ ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? మామూలు ఈత టోపీలాగా రబ్బరుది కాదు, బట్టది. మూడు నాలుగు ముక్కలు కలిపి కుట్టి, రెండు చెవుల మీద చిల్లులున్న గట్టి ప్లాస్టిక్ గిన్నెల్లాంటివి పెడతారు, బంతి చెవికి తగిలితే కర్ణభేరి పోకుండా. ఆయన టోపీ ఒకప్పుడు నీలం, ఇప్పుడు క్లోరిన్‌కి వెలిసిపోయి బూడిద రంగులోకి వచ్చేసింది. 4 అనే అంకె అంచులు మాత్రం మిగిలాయి. గడ్డం కింద కట్టే నాడా కొసలు విడిపోకుండా దారంతో చుట్టి ఉన్నాయి, వాళ్లమ్మ చుట్టిందట. మా బావమరిది తలకి ఆ టోపీ పెట్టి, గడ్డం కింద ముడి వేసి, వేలు దూరుతుందేమో చూసి, ఇంకాస్త బిగించారు. ముడి వదులైతే నీళ్లలో ఎదుటివాడు మొదట లాగేది దాన్నే అన్నారు.

ఆ తర్వాత 40 నిమిషాలు నీళ్లలోకి దింపుతారు. ఈ టూర్‌లో అన్నిటికంటే మంచి భాగం ఇదే. మీకు ఈత వచ్చుంటే దయచేసి గట్టు మీద కూర్చుని చూడకండి. వాటర్ పోలోలో అడుగున కాలు పెట్టకూడదు, గోలీ (గోల్‌కీపర్) తప్ప ఎవరూ రెండు చేతులతో బంతి పట్టుకోకూడదు. అందుకని కాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కవ్వం తిప్పినట్టు గుండ్రంగా తిప్పుతూ, నడుము దాకా పైకి లేచి ఉండాలి. ఇంగ్లీషులో దీన్ని ఎగ్‌బీటర్ అంటారు. మా బావమరిది కిలోమీటరు ఆగకుండా ఈదగలడు. రెండు చేతులూ నీళ్ల పైకెత్తి కాళ్లతోనే నిలబడమంటే రెండు నిమిషాలకే మునగడం మొదలైంది. అదే నీళ్లలో గైడ్, ఆ వయసులో, ఒక చేత్తో బంతి ఎత్తిపట్టుకుని మాతో మాట్లాడుతూనే ఉన్నారు, ఊపిరి కూడా మారలేదు. బంతి అర కిలో కూడా ఉండదు, 400 నుంచి 450 గ్రాములు, కానీ పట్టుకున్న చేయి నీళ్లలోంచి బయట ఉంచాలంటే అదే ఇటుకలా అనిపించింది.

ఇది అనుభవించాక 1968 ఒలింపిక్స్ గురించి వింటే వేరుగా వినిపిస్తుంది. మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన ఉంది, గాలే పలచన. అక్కడ ఫైనల్‌లో సోవియట్ యూనియన్‌తో మామూలు సమయంలో తేలక ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లి 13-11తో గెలిచారు. వాటర్ పోలోలో యుగోస్లావియాకి అదే మొదటి ఒలింపిక్ బంగారం. మిర్కో సాండిచ్, ఇవో ట్రుంబిచ్, గోలీ కార్లో స్టిపానిచ్ ఆ జట్టులోవాళ్లే. ట్రుంబిచ్ తర్వాత నెదర్లాండ్స్‌కి కోచ్‌గా వెళ్లి 1976లో వాళ్లకి కాంస్యం తెచ్చిపెట్టారు. ఆ ఏడాది యుగోస్లావియాకి పతకమే లేదు. ఈ ట్రుంబిచ్ సంగతి గైడ్ చెప్పలేదు, నేనే అడిగితే ముఖం వెలిగిపోయి పావుగంట చెప్పారు. అంటే అడిగితేనే బయటకొచ్చే సరుకు ఆయన దగ్గర చాలా ఉంది. కాబట్టి నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి.

వ్యాన్‌లో లామినేట్ చేసిన ఒక కాగితం ఇస్తారు, పతకాల లెక్కతో. అందులో ఒక తప్పుంది, 1960 రోమ్ ఎదురుగా వెండి అని వేశారు. అక్కడ నాలుగో స్థానమే. డబ్బు తీసుకుని ఇచ్చే టూర్‌లో ఇలాంటి తప్పు ఉండకూడదు, వాళ్లకి మెయిల్ చేశాను, సరిచేస్తామన్నారు. అసలు లెక్క ఇది: 1952 నుంచి 1988 దాకా పది ఒలింపిక్స్, ఏడు పతకాలు, మూడు బంగారం, నాలుగు వెండి, కాంస్యం ఒక్కటీ లేదు.

ఆ వెండి పతకాల కథ గైడ్ చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. 1952 హెల్సింకిలో హంగరీతో 2-2, ఓడిపోలేదు, కానీ ఫైనల్ లేని గ్రూప్ పద్ధతి కావడంతో గోల్స్ లెక్కలో బంగారం హంగరీకి పోయింది. 1956 మెల్‌బోర్న్‌లో అదే హంగరీ చేతిలో 2-1. 1964 టోక్యోలో మళ్లీ హంగరీతోనే 4-4, మళ్లీ గోల్స్ లెక్కలోనే వెండి. రెండుసార్లు ఓడకుండానే బంగారం పోగొట్టుకోవడం అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదీ పన్నెండేళ్లలో. ఇక 1984 లాస్ ఏంజిలిస్‌లో ఆఖరి మ్యాచ్ ఆతిథ్య జట్టు అమెరికాతో. మాలిబులో ఒక యూనివర్సిటీ కొలను, జనమంతా అమెరికా వైపు, ఒక దశలో స్కోరు 5-2 అమెరికాకే. అక్కడి నుంచి మూడు గోల్స్ కొట్టి 5-5 చేశారు. ఇక్కడ ఆయన కొంచెంసేపు ఆగారు, మేం ఎక్స్‌ట్రా టైమ్ అనుకున్నాం. కాదు, గ్రూప్ పద్ధతి కాబట్టి మళ్లీ గోల్ తేడానే చూశారు, ఈసారి ఆ లెక్క యుగోస్లావియా వైపు తిరిగింది. బంగారం. ఇరవై ఏళ్లకి బాకీ తీరింది అని ఆయన స్టీరింగ్ మీద ఒక్క దెబ్బ వేశారు, వెనక కూర్చున్న జర్మన్ ఆవిడ చప్పట్లు కొట్టింది.

ఆ 1984 జట్టులో వెసెలిన్ జూహో, గోరాన్ సుక్నో, బోజో వులేటిచ్ డుబ్రోవ్నిక్ వాళ్లు. 40 వేల చిల్లర జనాభా ఉన్న ఊరు నుంచి ముగ్గురు. కోచ్ రాట్కో రూడిచ్. ఆయన నాలుగేళ్ల ముందే మాస్కోలో ఆటగాడిగా వెండి గెలిచారు. 1986లో మాడ్రిడ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో ఇటలీతో పదే పదే ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లి 12-11, 1988 సియోల్‌లో మళ్లీ అమెరికాని ఎక్స్‌ట్రా టైమ్‌లో 9-7. ఇవన్నీ ఆయన హయాంలోనే.

ఇక్కడిదాకా నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాగితంలో 1988 తర్వాత నేరుగా 1996 అట్లాంటాలో క్రొయేషియా గెలిచిన వెండికి దూకారు, గైడ్ కూడా అలాగే దూకేశారు. మధ్యలో ఏమైందని మా బావమరిది అడిగితే, కోటోర్‌లో మాట్లాడుకుందాం అని మాట మార్చారు. అప్పుడు నాకు కాస్త కోపం వచ్చింది, నిజం చెప్పాలి. ఈ కథలో మధ్య భాగమే అసలు భాగం కదా.

సరిహద్దు దగ్గరికొచ్చేసరికి ఇంకో సమస్య. మా గ్రూపులో ఒక జంట మన దేశం నుంచే వచ్చారు, వాళ్ల దగ్గర సింగిల్ ఎంట్రీ షెంజెన్ వీసా ఉంది (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా, సింగిల్ ఎంట్రీ అంటే లోపలికి ఒక్కసారే). క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంజెన్‌లో ఉంది, మాంటెనెగ్రో లేదు. చెల్లుబాటులో ఉన్న షెంజెన్ వీసాతో మాంటెనెగ్రోలోకి వెళ్లొచ్చు, కానీ సింగిల్ ఎంట్రీ అయితే క్రొయేషియాలోకి తిరిగి రానివ్వరు. బుకింగ్ పేజీలో ఈ మాట ఎక్కడా లేదు. క్యూలో నిలబడ్డాక గైడ్‌కి గుర్తొచ్చి అడిగితే బయటపడింది. పాపం వాళ్లిద్దరూ అక్కడే దిగిపోయి సొంత ఖర్చుతో టాక్సీ మాట్లాడుకుని వెనక్కి వెళ్లారు. ఆ అమ్మాయి నీళ్లలో బంతి పట్టుకుని ఎంత ఉత్సాహంగా ఉందో గంట క్రితం చూశాం కాబట్టి మాకు ఇంకా బాధేసింది. సగం డబ్బు వెనక్కిచ్చారని తర్వాత తెలిసింది, నా ఉద్దేశంలో మొత్తం ఇవ్వాలి. మీరు మాత్రం వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో చూసుకోకుండా ఈ టూర్ బుక్ చేయకండి. మాకు జర్మనీ రెసిడెన్స్ కార్డులున్నాయి కాబట్టి ఇబ్బంది కాలేదు.

సరిహద్దులో గంటా నలభై నిమిషాలు కూర్చున్నాం. పాస్‌పోర్టు చూపించాలి, ముద్ర వేయించుకోవాలి, డబ్బు మాత్రం మార్చక్కర్లేదు, రెండు వైపులా యూరోనే. 1988లో సియోల్ జట్టులో డుబ్రోవ్నిక్ జూహో, కోటోర్ మిర్కో వీచెవిచ్ ఒకే రంగు టోపీ పెట్టుకుని ఆడారు, ఆ రెండు ఊళ్ల మధ్య దూరం 90 కిలోమీటర్లు. ఆ ఫైనల్ జరిగింది 1988 అక్టోబర్ 1న. సరిగ్గా మూడేళ్లకి, 1991 అక్టోబర్ 1న, డుబ్రోవ్నిక్ ముట్టడి మొదలైంది. యుగోస్లావియా సైన్యం, దానిలో మాంటెనెగ్రో నుంచి వచ్చిన రిజర్వు సైనికులు, ఈ దారినే వెళ్లారు. ఈ తేదీల పొంతన నాకు ముందే తెలుసు, కానీ ఆ క్యూలో కూర్చుని రెండు వైపులా కొండల్ని చూస్తుంటే గైడ్ ఎందుకు మాట మార్చారో అర్థమైంది. నా కోపం అక్కడితో పోయింది.

హెర్సెగ్ నోవిలో ఆగింది అరగంటే. సముద్రం ఒడ్డున ష్క్వెర్ దగ్గర కొలను చూపించి, ఇక్కడి యాద్రాన్ క్లబ్ 1958, 1959 రెండేళ్లూ యుగోస్లావియా లీగ్ గెలిచిందని చెప్పి బయల్దేరదీశారు. పెరాస్ట్‌లో మాత్రం ఫొటోల కోసం గంటకి పైగా ఆపారు. ఊరు అందంగా ఉంది, కాదనను, కానీ వాటర్ పోలో టూర్‌కి వచ్చినవాళ్లకి ఆ గంట దండగ. ఆ సమయం హెర్సెగ్ నోవికో కోటోర్‌కో ఇవ్వాలి. భోజనం కాల్చిన చేప, ఆకుకూరతో కలిపిన బంగాళాదుంప, తాజాగా ఉంది, శాకాహారులకి సలాడ్ తప్ప ఏమీ లేదు.

కోటోర్‌లో రెండో గైడ్ కలుస్తారు, ఇక్కడి ఆయన, ఇంచుమించు అదే వయసు. ఇద్దరూ ఒకరినొకరు చూడగానే భుజాలు పట్టుకుని ఊపుకున్నారు, కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ఎదురెదురు జట్లలో ఆడారట. ఈ ఊరి క్లబ్ ప్రిమోరాత్స్, 1986లో యుగోస్లావియా లీగ్ గెలిచింది, 2009లో యూరప్ క్లబ్ టైటిల్ కూడా. డుబ్రోవ్నిక్ గైడ్ వదిలేసిన భాగం ఈయన చెప్పారు, మెల్లగా, తడుముకుంటూ. 1991 జనవరిలో పెర్త్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఫైనల్‌లో స్పెయిన్‌ని 8-7తో ఓడించారు, అప్పటికి జట్టు ఇంకా ఒక్కటే. జూన్‌లో క్రొయేషియా, స్లొవేనియా స్వాతంత్ర్యం ప్రకటించాయి. ఆగస్టులో ఏథెన్స్‌లో యూరప్ ఛాంపియన్‌షిప్, క్రొయేషియా ఆటగాళ్లు లేరు, సెర్బియా, మాంటెనెగ్రో వాళ్లతోనే వెళ్లారు. అంతకుముందు ఎన్నోసార్లు రెండో స్థానంలో ఆగిపోయి ఒక్కసారీ గెలవని ఆ టైటిల్ అప్పుడు గెలిచారు. సగం జట్టు ఇళ్ల దగ్గర ఉండగా! ఒలింపిక్, ప్రపంచ, యూరప్ టైటిళ్లు మూడూ చేతిలో ఉన్న జట్టు, ఏడాది తిరక్కుండానే ఐక్యరాజ్యసమితి ఆంక్షల వల్ల 1992 బార్సిలోనాలో అడుగే పెట్టలేదు. అక్కడ బంగారం గెలిచింది ఇటలీ, కోచ్ మళ్లీ రాట్కో రూడిచ్.

ఆ ఏథెన్స్ ఫైనల్ మీరు టీవీలో చూశారా అని మా ఆవిడ ఇద్దరినీ అడిగింది. కోటోర్ ఆయన చూశానన్నారు. డుబ్రోవ్నిక్ ఆయన చూడలేదన్నారు, ఇంకేమీ చెప్పలేదు. ఎవరూ ఆ మాట సాగదీయలేదు.

అప్పుడు కోటోర్ ఆయన ప్లాస్టిక్ కవర్లోంచి 1988 జట్టు ఫొటో తీశారు. పదమూడు మంది. ఇద్దరూ దాని మీదకి వంగి వేలు పెట్టి చూపిస్తున్నారు. జూహో మీద వేలు పెట్టి ఒకాయన మావాడు అన్నారు, వీచెవిచ్ మీద వేలు పెట్టి రెండో ఆయన మావాడు అన్నారు. పెరిత్సా బుకిచ్, షిబెనిక్‌లో పుట్టినవాడు, 1996లో క్రొయేషియాకి వెండి తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. దుబ్రావ్కో షిమెంత్స్ కూడా అంతే, వాళ్ల నాన్న జ్లాట్కో 1964లో ఆ 4-4 ఆడిన జట్టులోవాడు. వేలు బెల్‌గ్రేడ్ ఇగోర్ మిలానోవిచ్ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి మావాడు అనేశారు. మా ఆవిడకి కళ్లలో నీళ్లొచ్చాయి, నాకూ అంతే.

ఈ ఇద్దరూ కలిసి ఉండేది పట్టుమని ఇరవై నిమిషాలు. టూర్ నడిపేవాళ్లకి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: పొద్దున నుంచి ఇద్దరినీ ఒకే వ్యాన్‌లో పెట్టండి. ఒక్కొక్కరి దగ్గర సగం సగం కథ ఉంది. ఇంకో 20 యూరోలు ఎక్కువ తీసుకున్నా నేనిస్తాను.

తర్వాతి సంగతులు తిరుగు ప్రయాణంలో గబగబా చెప్పేస్తారు, అదే సరిపోతుంది, ఎందుకంటే అవి ఎక్కడైనా దొరుకుతాయి. 2012లో లండన్‌లో క్రొయేషియాకి బంగారం, కోచ్ మళ్లీ రూడిచ్చే. ఆ జట్టులో సాండ్రో సుక్నో ఉన్నాడు, 1984 గోరాన్ సుక్నో కొడుకు. కాంస్యం కోసం సెర్బియా, మాంటెనెగ్రో తలపడితే 12-11తో సెర్బియాకి వెళ్లింది. 2016 రియో, టోక్యో, 2024 పారిస్, మూడింటిలోనూ సెర్బియాకే బంగారం, రియోలో, పారిస్‌లో ఫైనల్‌లో ఎదురుపడింది క్రొయేషియానే.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. వీసా సంగతి బుకింగ్ పేజీలో పెట్టి, పెరాస్ట్ ఆగడం తగ్గిస్తే ఐదే. పిల్లలతో వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోండి, సముద్రంలో దింపే చోట లోతు ఎక్కువ, లైఫ్ జాకెట్లు అడిగితేనే ఇస్తారు. నీళ్లలో వేసుకునే చెప్పులు తీసుకెళ్లండి, రాళ్లు పదునుగా ఉంటాయి. వ్యాన్‌లో మైకు లేదు, ఆయన గొంతు వెనక సీటుదాకా రాదు, కాబట్టి ముందు కూర్చోండి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎడమ వైపు సీటు పట్టుకోండి, కోటోర్ నుంచి సరిహద్దు దాకా నీళ్లు చాలావరకు అటే ఉంటాయి. మేం వస్తున్నప్పుడు సాయంత్రం ఎండలో ఒక చిన్న రేవు దగ్గర రెండు గోల్‌పోస్టులు తేలుతూ కనిపించాయి, పిల్లలు ఆడుతున్నారు, గైడ్ అడక్కుండానే వ్యాన్ నెమ్మది చేశారు.